కరెంటు పోయొచ్చాక ఏజెంట్ మూగబోతుంది: క్రాన్‌లో రీస్టార్ట్ పెట్టడం తప్పా?

ముత్తుకూరు_రాత్రిడ్యూటీ · రాత్రి 10.42
అందరికీ నమస్తే. ముత్తుకూరు దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో సిస్టమ్స్ చూస్తుంటాను. 9 లైనక్స్ మిషన్లు. అన్నిట్లో జాబిక్స్ ఏజెంట్ (మిషన్ ఎట్టా ఉందో సర్వర్‌కి చెప్పే ప్రోగ్రాం) ఉంది. యాక్టివ్ చెక్స్, అంటే ఏజెంటే చెన్నై హెడ్డాఫీసు సర్వర్‌కి 10051 పోర్టు మీద పంపుతుంది, సర్టిఫికెట్‌తో టీఎల్‌ఎస్ (అవతల ఎవరో సరిచూసుకుని, గుట్టుగా పంపే పద్ధతి).

జనరేటరు కంప్రెసర్లకే, ఆఫీసు గదికి లేదు. రాత్రి కరెంటు ఎక్కువసేపు పోతే యూపీఎస్ కూడా అయిపోయి మిషన్లన్నీ ఆగిపోతాయి. కరెంటు రాగానే ఏడు బాగానే లేస్తాయి. రెండు మాత్రం లేస్తాయి గానీ చెన్నైలో డేటా కనపడదు. ఏజెంట్ స్టేటస్ చూస్తే రన్నింగ్ అనే ఉంటుంది. నాకంటే ముందు ఇక్కడ పనిచేసినాయన ఒక రీస్టార్ట్ స్క్రిప్టు ఇచ్చిపోయాడు. అది నడిపితే అర నిమిషంలో చెన్నై తెర మీద పచ్చబడుతుంది. అందుకని దాన్నే క్రాన్‌లో (టైం ప్రకారం తనే నడిపే ఏర్పాటు) రెండు గంటలకోసారి పెట్టాను. ఎనిమిది నెలలుగా ఏ గొడవా లేదు.

నిన్న చెన్నై నుంచి కొత్త ఇన్‌ఛార్జి వచ్చి క్రాన్ చూసి, జబ్బు దాచిపెడుతున్నావని నలుగురిలో అన్నాడు. ఇది తప్పా? మీరైతే ఏం చేస్తారు?

కావలి_ట్రంకురోడ్డు · రాత్రి 10.51
హోస్ట్‌నేమ్ చూడు తమ్ముడూ. ఏజెంట్ ఫైల్లో ఉన్న పేరూ సర్వర్‌లో ఉన్న పేరూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉన్నా ఒప్పుకోదు. నూటికి తొంభై సార్లు ఇదే.

ఒంగోలు_కర్నూలురోడ్డు · రాత్రి 11.05
మీ ఇన్‌ఛార్జి నలుగురిలో అనడం తప్పు. అన్న మాట మాత్రం తప్పు కాదు.

ఏజెంట్ పని ఏంటి? మిషన్ ఎట్టా ఉందో చెప్పడం. అది మూగబోయిందంటే అదే ఒక కబురు. రెండు గంటలకోసారి దాని వీపు చరిచి మాట్లాడించి, ఏ గొడవా లేదంటున్నావు. గొడవ ఎనిమిది నెలలుగా ఉంది, నీకు వినపడట్లేదంతే. తొమ్మిదింటిలో రెండే ఎందుకు? కరెంటు పోయిన రాత్రే ఎందుకు? ఈ రెండిటికీ జవాబు తెలీకుండా క్రాన్ రాసినవాడు ఆ మిషన్లని చూసుకుంటున్నట్టు కాదు.

ఏజెంట్ తన సంగతులు రాసుకునే లాగ్‌లో చివరి యాభై లైన్లు ఇక్కడ పెట్టు. అది లేకుండా ఎవరేం చెప్పినా సోదే.

చీమకుర్తి_నల్లరాయి · రాత్రి 11.19
నేను ఒప్పుకోను. గ్రానైటు ఫ్యాక్టరీలో చేస్తాను. మా దగ్గర రాతిపొడి ఫ్యాన్లలో దూరి నెలకొక మిషన్ ఆగిపోతుంది. ఉండేది నేనొక్కణ్ణి. రాత్రి రెండింటికి కటింగ్ మిషన్ల లెక్కలు రావాలి, లాగ్ చదువుతూ కూర్చోవడానికి కాదు నాకు జీతం ఇచ్చేది. ముందు నడవనీ, తీరికున్నప్పుడు వెతుక్కుందాం. సర్వీసు పడిపోతే తనే లేపుకునే ఏర్పాటు లైనక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీలోనే ఉంది గదా. దాన్ని తప్పనని వాళ్లు క్రాన్‌ని మాత్రం ఎందుకు తప్పంటారు?

ఒంగోలు_కర్నూలురోడ్డు · రాత్రి 11.31
రెండూ ఒకటి కాదు నల్లరాయి గారూ. సిస్టమ్‌డీ లేపేది ప్రాసెస్ చచ్చిపోతే. లేపినట్టు జర్నల్లో రాసిపెడుతుంది కూడా. ఇక్కడ ప్రాసెస్ చావలేదు. బతికే ఉంది, మాట అవతలికి చేరట్లేదు. అట్టాంటప్పుడు లోపం ఏజెంట్‌లో ఉండదు, దారిలోనో చుట్టుపక్కలో ఉంటుంది. అడ్డం ఎక్కడుందో చూడకుండా మనిషిని కొడితే ఏం లాభం?

తీరికున్నప్పుడు అన్నారు. క్రాన్ పెట్టాక ఆ తీరిక ఎప్పుడూ రాదు. ఎనిమిది నెలలు అందుకే గడిచాయి.

కావలి_ట్రంకురోడ్డు · రాత్రి 11.34
హోస్ట్‌నేమ్ చూశావా లేదా?

ముత్తుకూరు_రాత్రిడ్యూటీ · రాత్రి 11.40
చూశానన్నా. సరిగ్గానే ఉంది. పేరు తప్పైతే రీస్టార్ట్ చేసినా రాకూడదు గదా.

కావలి_ట్రంకురోడ్డు · రాత్రి 11.46
మిషన్ ఇమేజ్ కాపీ కొట్టి రెండోది చేసుంటే ఇద్దరికీ ఒకే పేరుంటుంది. రెండూ ఒకే పేరుతో పంపుతుంటే ఒకటి మాయమైనట్టు కనపడుతుంది. మా కాలేజీ ల్యాబులో 30 సిస్టమ్‌లకి ఇదే అయింది, నాలుగు రోజులు తిండి లేకుండా తిరిగాను. అందుకే ఇన్నిసార్లు చెప్తున్నా.

ఒంగోలు_కర్నూలురోడ్డు · రాత్రి 11.58
లాగ్ ఇంకా పెట్టలేదు. గంట అయింది అడిగి. పెట్టడానికి ఇష్టం లేదంటే ఈ చర్చ మీ ఇన్‌ఛార్జి అన్నాడని సానుభూతి కోసమే పెట్టావనుకోవాలి. ఇట్టాంటోళ్ల వల్లే మొత్తం సిస్టమ్స్ వాళ్లకి పేరు పోతోంది.

ముత్తుకూరు_రాత్రిడ్యూటీ · రాత్రి 12.09
అన్నా, మర్యాదగా అడిగాను, మర్యాదగా చెప్పొచ్చు గదా. "ఇట్టాంటోళ్లు" ఏంది? నేనెవరో నీకు తెలుసా?

సరే, ఎందుకు పెట్టానో చెప్తా. చెన్నైలో ఎర్రగా కనపడిన ప్రతి గంటా నా పేరు పక్కన రాసుకుంటారు. నెలాఖరుకి కూడి ఇన్సెంటివ్‌లో కోస్తారు. కరెంటు పోయిందా, కేబుల్ తెగిందా, నేను నిద్రపోయానా, ఏదీ అడగరు. ఎర్రగా ఉంది, అంతే. క్రాన్ పెట్టకముందు వరసగా మూడు నెలలు కోశారు. మా అమ్మకి నెల్లూరులో కంటి ఆపరేషన్ అయిన నెల కూడా కోశారు. నువ్వేమో లాగ్ చదువు, కారణం వెతుకు అంటావు. వెతికినంతసేపూ ఎర్రగానే ఉంటుంది. ఆ డబ్బులు నువ్విస్తావా?

చీమకుర్తి_నల్లరాయి · రాత్రి 12.14
అదీ మాట. నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే.

ఒంగోలు_కర్నూలురోడ్డు · రాత్రి 12.37
తమ్ముడూ, "ఇట్టాంటోళ్లు" అన్నది వెనక్కి తీసుకుంటున్నా. తప్పే. నాదీ విను.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు, ఒంగోల్లో ఒక సంస్థలో నేను డ్యూటీలో ఉన్నాను. ఊరంతా చీకటి. మిషన్లు పడి లేచాయి, డేటాబేస్ పాడైంది. ఆ రాత్రంతా నేను అక్కడే ఉన్నాను, తడిసిన బట్టలతో. డిస్క్ తప్పులు ఇస్తోందని అంతకు పది రోజుల ముందే నోటితో చెప్పాను కూడా. తర్వాత విచారణ పెట్టారు. ముందే చెప్పావన్నదానికి ఆధారమేది అన్నారు. ఏజెంట్ లాగ్ తీద్దామని చూస్తే, అయిదు నిమిషాలకోసారి రీస్టార్ట్ కొట్టే క్రాన్ ఉంది అందులో. పెట్టింది నేనే. ఏజెంట్ సెట్టింగుల ఫైల్లో లాగ్ సైజు ఎంతో రాయలేదు. రాయకపోతే 1 ఎంబీ నిండగానే పాతదాన్ని ఓల్డ్ అని పక్కనపెట్టి కొత్తది మొదలెడుతుంది. ఓల్డ్ ఒక్కటే ఉంటుంది, దాని మీదే మళ్లీ రాస్తుంది. తెరిస్తే ఆగింది, మొదలైంది, ఆగింది, మొదలైంది. అవే లైన్లు. నాకు కావలసిన పది రోజులు లేవు. ఉద్యోగం పోయింది.

క్రాన్ మీద నా కోపం అది. నీ మీద కాదు.

ముత్తుకూరు_రాత్రిడ్యూటీ · రాత్రి 12.50
బాధగా ఉందన్నా. కానీ చూడు, నీకు లాగ్ ఉండుంటే బతికేవాడివి. నాకు అదే లాగ్ మెడకి చుట్టుకుంటుంది. చెన్నై వాళ్లు చదివేది నా తప్పు వెతకడానికే. మరి ఆ ఏజెంట్ నా మిషన్ కోసం ఉన్నట్టా, నా మీద ఉన్నట్టా?

కోవూరు_ల్యాబ్‌మేడమ్ · రాత్రి 1.08
ఇప్పుడే చూశాను. అందరూ లాగ్ అడుగుతున్నారు, ఆ స్క్రిప్టులో ఏముందో ఒక్కరూ అడగలేదు. రీస్టార్ట్ స్క్రిప్టు అన్నావు గదా నాయనా, రీస్టార్ట్ ఒక్కటే ఉందా అందులో? ఉన్నదున్నట్టు పెట్టు.

ముత్తుకూరు_రాత్రిడ్యూటీ · రాత్రి 1.15
మూడే లైన్లు మేడమ్. మొదటిది షెల్ పేరు. రెండోది గడియారం ఒకసారి సరిచేసే ఎన్‌టీపీడేట్, ఒక టైం సర్వర్ పేరుతో. మూడోది ఏజెంట్ రీస్టార్ట్.

కోవూరు_ల్యాబ్‌మేడమ్ · రాత్రి 1.33
నీ మిషన్లని బాగుచేస్తున్నది మూడో లైను కాదు, రెండోది.

ఎట్టా చెప్పగలిగానంటే: ఎన్‌టీపీడీ (టైం ఎప్పుడూ సరిచూసే సర్వీసు) నడుస్తున్న మిషన్ మీద ఎన్‌టీపీడేట్ మామూలుగా నడిపితే సాకెట్ (నెట్‌వర్కు దారి) వాడకంలో ఉందని వెనక్కి వచ్చేస్తుంది. నీ దగ్గర పనిచేస్తోందంటే ఆ రెండిట్లో ఎన్‌టీపీడీ నడవట్లేదు, వేరే టైం సర్వీసు కూడా ఉండకపోవచ్చు. మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ, సీఆర్ 2032, అయిపోయుంటుంది. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ గడియారం దాని మీదే నిలబడుతుంది కాబట్టి ఎవరికీ తెలీదు. యూపీఎస్ కూడా చచ్చిన రాత్రి గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. చెన్నై సర్వర్ సర్టిఫికెట్ ఈమధ్య ఇచ్చింది. పాత తేదీలో ఉన్న ఏజెంట్‌కి అది ఇంకా మొదలవ్వని సర్టిఫికెట్. టీఎల్‌ఎస్ ఒప్పుకోదు. ఏజెంట్ మాత్రం బతికే ఉంటుంది, మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉంటుంది. ఒంగోలు ఆయన చెప్పినట్టు మాట అవతలికి చేరట్లేదు, అంతే. సర్టిఫికెట్ బదులు పీఎస్‌కే (రెండువైపులా ముందే పెట్టుకునే రహస్య కీ) వాడితే దానికి తేదీలుండవు కాబట్టి పచ్చగానే ఉండేది. అప్పుడు అసలు సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు.

ఈసారి కరెంటు పోయినప్పుడు స్క్రిప్టు నడపకముందు డేట్ అని కొట్టి చూడు. ఇంకోటి అడుగుతా. కోల్డ్‌రూం టెంపరేచర్ రాసుకునే ప్రోగ్రాం ఏ మిషన్ మీద ఉంది?

ముత్తుకూరు_రాత్రిడ్యూటీ · రాత్రి 2.21
మేడమ్, కిందికి వెళ్లి చూసొచ్చాను. ఆ రెండు మిషన్ల మీదే. ఫైలు తెరిచాను. మధ్యమధ్యలో 2018 తేదీతో వరసలు ఉన్నాయి. మైనస్ 19, మైనస్ 20 అని టెంపరేచర్ సరిగ్గానే ఉంది, తేదీలే తప్పు. మొత్తం 14 రాత్రులు. ఒక్కో రాత్రి గంట నుంచి రెండు గంటలు, క్రాన్ వచ్చిందాకా.

లాగ్ కూడా చూశానన్నా. సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదనే ఉంది. ఎనిమిది నెలలుగా అక్కడే ఉంది.

చీమకుర్తి_నల్లరాయి · రాత్రి 2.30
సరుకు మైనస్ 18కి పైకి రాలేదు గదా, నష్టమేం లేదు. బ్యాటరీలు మార్చు, టైం సరిచూసే క్రోనీ వెయ్యి, నోరు మూసుకో. ఆ వరసల సంగతి చెప్పావంటే ముందు నీ మీదకే వస్తారు.

ఒంగోలు_కర్నూలురోడ్డు · రాత్రి 2.44
వద్దు. ఎగుమతి సరుకు రికార్డు అది. ఆడిటరు వచ్చి ఫలానా రాత్రి టెంపరేచర్ చూపించమంటే ఆ రెండు గంటలూ ఖాళీ కనపడతాయి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో రెండు మాటలున్నాయి: కంపెనీల సిస్టమ్ గడియారాలు కేంద్ర సంస్థలైన ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైం సర్వర్లతో గానీ, వాటిని అనుసరించే సర్వర్లతో గానీ కలిసి నడవాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. ఆ ఏర్పాటు చేయించాల్సింది కంపెనీ. నువ్వు కాదు. అదే నీ బలం. వాళ్లకి తెలిసేలోపు నువ్వే రాయి. నేను నోటితో చెప్పి చెడ్డాను, నువ్వు రాసి చెప్పు. ముందు ఆ లాగ్‌నీ టెంపరేచర్ ఫైల్‌నీ వేరే చోటికి కాపీ తీసిపెట్టు. ఒక్క అక్షరం దిద్దొద్దు.

కోవూరు_ల్యాబ్‌మేడమ్ · రాత్రి 2.52
రాసేటప్పుడు ఇంకోటి కూడా అడుగు. యూపీఎస్‌ని ఎస్‌ఎన్‌ఎంపీతో (పరికరాల స్థితి నెట్‌వర్కు మీద అడిగే పద్ధతి) జాబిక్స్‌లోకి తెచ్చి, ఏజెంట్ ట్రిగ్గర్లని (ఎర్ర దీపం వెలిగించే షరతులు) దానికి డిపెండెన్సీగా కట్టమని. కరెంటు పోయినందుకు వచ్చే ఎర్ర దీపం అప్పుడు యూపీఎస్ పేరు మీద పడుతుంది, నీ పేరు మీద కాదు. ఎర్రదీపానికి జీతం కోసే చోట ఎవరైనా దాన్ని ఆర్పడానికే చూస్తారు. ఇందులో నువ్వొక్కడివే తప్పు చేశావని నేననను.

చీమకుర్తి_నల్లరాయి · రాత్రి 2.58
చెప్పడం తేలిక మేడమ్. ఉద్యోగం అతనిది.

కావలి_ట్రంకురోడ్డు · ఉదయం 6.10
బ్యాటరీ మార్చాక బయోస్ (మదర్‌బోర్డు) సెట్టింగులు పోవచ్చు, పోతే మళ్లీ పెట్టుకోవాలి. హోస్ట్‌నేమ్ కూడా ఒకసారి చూసుకో.

ముత్తుకూరు_రాత్రిడ్యూటీ · ఉదయం 7.25
ఇన్‌ఛార్జికి మెయిల్ పెట్టాను. 14 రాత్రుల వరసలు, లాగ్, స్క్రిప్టు మూడూ జతచేశాను. డిపెండెన్సీ సంగతి రాశాను. మూడు నెలలు కోసిన సంగతి కూడా రాశాను. క్రాన్‌లోంచి రీస్టార్ట్ లైను తీసేశాను, ఎన్‌టీపీడేట్ లైను మాత్రం క్రోనీ వేసేదాకా ఉంచాను. బ్యాటరీలు ట్రంకురోడ్డులో షాపు తెరవగానే తెస్తాను, షిఫ్టు మారే టైంలో మిషన్లు ఆపనిస్తారు. మెయిల్‌కి జవాబు ఇంకా రాలేదు.