అప్‌డేట్: బాబు కిడ్నీ వాపు, ఆపరేషన్ అయిపోయింది

నాలుగు నెలల కిందట అడిగాను: కడుపులో ఉండగానే స్కాన్‌లో మావాడి ఎడమ కిడ్నీ ఉబ్బినట్టు కనబడింది, ఏడాది నిండినా తగ్గలేదు, ఆపరేషన్‌కి ఒప్పుకోవాలా, ఆగాలా అని.

ఒప్పుకున్నాం. రెండు కిడ్నీల పనిలో ఒక్కోదాని వాటా ఎంతో చూపే ఈసీ స్కాన్ రెండోసారి తీస్తే, ఆ కిడ్నీ వాటా 44 నుంచి 35 శాతానికి పడిపోయింది, ఇంకేం ఆగుతాం! చేసింది పైలోప్లాస్టీ. కిడ్నీ, మూత్రనాళం కలిసేచోట ఇరుకైన ముక్క కోసి తీసేసి, మంచి భాగాల్ని మళ్ళీ కలిపి కుట్టారు. కుట్టు మానేదాకా లోపల డీజే స్టెంట్ అనే సన్నటి గొట్టం.

అసలు తిప్పలు ఆ స్టెంట్‌తోనే. పాస్ పోసేటప్పుడల్లా ఏడ్చేవాడు. డయపర్ రెండుసార్లు ఎర్రగా కనబడేసరికి మా అత్తగారు దేవుడి గదిలోంచి కదల్లేదు. స్టెంట్ ఉన్నప్పుడు కాస్త రక్తం మామూలేనట, జ్వరం వస్తే మాత్రం వెంటనే రమ్మన్నారు. ఆరు వారాలకి మళ్ళీ మత్తిచ్చి, కోత లేకుండా మూత్రమార్గంలోంచే తీసేశారు. సాయంత్రానికి ఇంట్లో ఉన్నాం.

నిన్నటి అల్ట్రాసౌండ్‌లో వాపు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అది పోవడానికి టైం పడుతుందట, మూత్రం సాఫీగా దిగుతోందా అన్నదే ముఖ్యమన్నారు. అది తేల్చే స్కాన్ వచ్చే నెల. ఇంకో డాక్టర్‌ని కూడా అడగమన్నవాళ్ళకి థాంక్సండీ. అడిగాం, ఇద్దరూ ఒకటే మాట చెప్పారు.