డబుల్ లైవ్ ఆల్బమ్‌లు: నాలుగు సైడ్లూ నిజంగా ఎవరు వింటున్నారు?

పాత_ప్లేట్లు:
మొన్న ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పీటర్ ఫ్రాంప్టన్ డబుల్ లైవ్ (కచేరీని రికార్డు చేసి రెండు రికార్డులుగా వేసిన ఆల్బమ్) ‘ఫ్రాంప్టన్ కమ్స్ అలైవ్!’ దొరికింది. అమెరికాలో అచ్చయిన కాపీ. అట్ట నలిగిపోయింది కానీ రెండు రికార్డులూ బాగానే ఉన్నాయి. తిక్క ఏమిటంటే, ఒక రికార్డుకి 1, 4 సైడ్లు, రెండోదానికి 2, 3 సైడ్లు ఉన్నాయి. ఒకటో సైడ్ అయ్యాక తిప్పి పెడితే నేరుగా కచేరీ చివరికి వెళ్ళిపోయింది. ఫ్యాక్టరీలో తేడా చేశారా?
పనిలో పనిగా ఇంకో మాట. 70ల్లో ప్రతి రాక్ బ్యాండూ ఎక్కడో ఒకచోట డబుల్ లైవ్ తెచ్చింది. మీరు మొదటి నుంచి చివరిదాకా వినేది ఏది? ఉత్త పేర్లు కాదు, ఎందుకు వింటారో రాయండి.

గిరి_గ్రామఫోన్:
తేడా కాదండీ, అది ఛేంజర్ కోసం. అప్పట్లో రికార్డ్ ఛేంజర్లు ఉండేవి. మధ్యలో పొడవాటి కడ్డీ ఉంటుంది, రెండు రికార్డులూ దానికి తగిలిస్తే ఒకటి అయ్యాక రెండోది దానంతటదే దాని మీద పడుతుంది. అలా 1, 2 సైడ్లు వరసగా వస్తాయి. తర్వాత రెండింటినీ కలిపి తిరగేసి పెడితే 3, 4. లేవాల్సింది ఒక్కసారే. మా మావయ్య ఇంట్లో ఉండేది అలాంటిది. పైది కిందదాని మీద ‘టప్’మని పడినప్పుడల్లా ఆయన ప్రాణం గిలగిలా కొట్టుకునేది, గీతలు పడతాయని.

బేస్_రాణి:
నాకు ‘మేడ్ ఇన్ జపాన్’ ఒక్కటి చాలు. డీప్ పర్పుల్, 1972 ఆగస్టు 15, 16 ఒసాకా, 17 టోక్యో బుడోకాన్. నాలుగు సైడ్లకి కలిపి ఏడే పాటలు! నాలుగో సైడ్ మొత్తం ‘స్పేస్ ట్రకిన్’ ఒక్కటే, దాదాపు 20 నిమిషాలు. స్టూడియోలో అదే పాట ఐదు నిమిషాల్లోపే అయిపోతుంది. మొదట జపాన్‌లో మాత్రమే అమ్ముదామనుకున్నారట. మిక్సింగ్‌కి కూడా బ్యాండ్‌లో అందరూ రాలేదు. సౌండ్ ఇంజనీర్ మార్టిన్ బర్చ్ రికార్డింగ్ ఎంత శుభ్రంగా ఉంటుందంటే, హెడ్‌ఫోన్స్‌లో ఒక చెవిలో గిటార్, ఇంకో చెవిలో ఆర్గాన్ విడివిడిగా పట్టుకోవచ్చు.
‘స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ ఉమన్’లో బ్లాక్‌మోర్ గిటార్ మీద ఒక ముక్క వాయిస్తే గిలన్ దాన్ని గొంతుతో అనేస్తాడు. పైకి, ఇంకా పైకి, చివరికి ఒక్క కేక. ఆ చోటు కోసమే మూడో సైడ్ పెడతాను.

తని_ఆవర్తనం:
‘ది మ్యూల్’ని వదిలేశారేం? ఇయాన్ పేస్ డ్రమ్ సోలో. మన కచేరీల్లో మృదంగం తని మొదలవగానే సగం మంది క్యాంటీన్‌కి లేచినట్టు, ఇక్కడా చాలామంది స్కిప్ కొడతారు. నేను మాత్రం కదలను.

డాలస్_బావ:
అసలు బ్యాండ్లు ఈ డబుల్ లైవ్‌లు ఎందుకు తెచ్చాయంటే, నా సమాధానం డబ్బు. కిస్ బ్యాండ్ మొదటి మూడు ఆల్బమ్‌లు పెద్దగా అమ్ముడుపోలేదు. కానీ షోలకి మాత్రం జనం విరగబడేవారు. వాళ్ళ రికార్డు కంపెనీ కాసాబ్లాంకా అప్పటికే చితికిపోయే దశలో ఉంది. 1975లో ‘అలైవ్!’ డబుల్‌గా వచ్చాక ఇద్దరూ గట్టెక్కారు. స్టూడియోలో పెద్దగా ఆడని ‘రాక్ అండ్ రోల్ ఆల్ నైట్’, లైవ్ సింగిల్‌గా (విడిగా అమ్మే ఒక్క పాట రికార్డుగా) అమెరికా చార్టులో 12వ స్థానం దాకా వెళ్ళింది.
మీ ఫ్రాంప్టన్ కథా ఇంచుమించు అదే. సోలోగా నాలుగు స్టూడియో ఆల్బమ్‌లు చేసినా పెద్ద పేరు రాలేదు. లైవ్‌ని సింగిల్ రికార్డుగానే వేద్దామనుకున్నారు, ఏ అండ్ ఎం కంపెనీ జెర్రీ మాస్ విని మిగతాది కూడా తెమ్మన్నాడు. 1976 జనవరిలో వచ్చింది, అమెరికాలో 10 వారాలు నంబర్ వన్. ఆ తర్వాత కంపెనీలన్నీ ఊరుకుంటాయా? పాత పాటలే, కొత్త ప్యాకెట్. స్టూడియో అద్దె లేదు, బ్యాండ్‌కి ఊపిరి పీల్చుకునే టైమ్. వీటిలో సగం డబుల్స్ సింగిల్ అయి ఉంటే బాగుండేవని నా గట్టి నమ్మకం. తిట్టుకోండి.

పాత_ప్లేట్లు:
తిట్టను అన్నా, కానీ ‘డూ యు ఫీల్ లైక్ వుయ్ డూ’ 14 నిమిషాలూ ఉండాల్సిందే. ఆ టాక్ బాక్స్! గిటార్ శబ్దం ప్లాస్టిక్ గొట్టంలోంచి నోట్లోకి వచ్చి, పెదాలు ఆడించినట్టల్లా మాటలా వినపడుతుంది. జనం మొదట నవ్వుతారు, తర్వాత కేకలు పెడతారు. ఆ కేకలు లేకుండా స్టూడియోలో అది పండదు.

బేస్_రాణి:
డాలస్ గారి మాటకి సాక్ష్యం నేనే ఇస్తా. ‘లైవ్ ఎట్ లీడ్స్’. ద హూ, 1970. ఒకే రికార్డు, ఆరే పాటలు, దొంగ రికార్డింగ్‌లా కనపడేలా మామూలు గోధుమ రంగు అట్ట. ఊపు ఎక్కడా తగ్గదు. తర్వాత సీడీల్లో సాగదీసి సాగదీసి డబుల్ చేశారు, అది వేరే సంగతి.

మేకన్_మైసూర్‌పాక్:
ఇంతమంది మాట్లాడారు, ‘ఎట్ ఫిల్మోర్ ఈస్ట్’ ఊసే లేదు! ఆల్‌మన్ బ్రదర్స్, 1971 మార్చి, న్యూయార్క్. ఆ రోజుల్లో మెయిన్ బ్యాండ్ వీళ్ళు కాదు, జానీ వింటర్. చివరి రాత్రి బాంబు బెదిరింపుతో హాలు ఖాళీ చేయించారు, షో ముగిసేసరికి తెల్లారింది.
‘విప్పింగ్ పోస్ట్’ నాలుగో సైడ్ మొత్తం, దాదాపు 23 నిమిషాలు. మొదలయ్యే ముందు జనంలోంచి ఎవరో ఆ పాట పేరే అరుస్తారు, డ్యూయేన్ ఆల్‌మన్ “సరిగ్గా కనిపెట్టావ్” అన్నట్టు బదులిస్తాడు. వెంటనే బెర్రీ ఓక్లీ బేస్. 11 దెబ్బల లెక్క అది, చేత్తో తాళం వేద్దామని చూడండి, రెండో ఆవర్తంలోనే చెయ్యి తడబడుతుంది. పాట అయిపోయి చప్పట్లు పడుతుండగానే ఇంకో పాట మొదలై, శబ్దం తగ్గిపోతుంది. ఆ రెండో పాట ‘మౌంటెన్ జామ్’, 33 నిమిషాలు. దాన్ని 1972లో ‘ఈట్ ఎ పీచ్’లో రెండు సైడ్లకి పంచి వేశారు. అప్పటికి డ్యూయేన్ లేడు. 1971 అక్టోబరు 29న బైక్ ప్రమాదంలో పోయాడు, 24 ఏళ్ళకి.
అట్ట వెనక బ్యాండ్ ఉండదు, సామాన్లు మోసే రోడీలు బీరు డబ్బాలు పట్టుకుని నిలబడి ఉంటారు. అదీ నాకు ఇష్టమే.

డాలస్_బావ:
సరే, ఇదొక్కటి డబుల్‌గా ఒప్పుకున్నా. కానీ లైవ్, లైవ్ అంటున్నారు గదా, థిన్ లిజీ ‘లైవ్ అండ్ డేంజరస్’ (1978) సంగతేంటి? నిర్మాత టోనీ విస్కాంటి 75 శాతం స్టూడియోలో మళ్ళీ చేసిందే అన్నాడు. మేనేజర్ ఏమో 75 శాతం లైవే అంటాడు. కిస్ ‘అలైవ్!’ అయితే స్టూడియోలో దిద్దామని వాళ్ళే చెప్పుకున్నారు.

తని_ఆవర్తనం:
తెగిన తీగ శబ్దాన్ని దిద్దితే నాకు ఇబ్బంది లేదు. జనం కేకల్ని పెంచితే మాత్రం ఒప్పుకోను. నిర్మాత టామ్ డౌడ్ ఫిల్మోర్ టేపుల్లో ‘స్టార్మీ మండే’ నుంచి హార్మోనికా సోలోని కోసేశాడు. కొయ్యడం ఎడిటర్ పని, దాన్ని మోసం అనలేం.

సీడీ_సుబ్బు:
కోతంటే సీడీలదే. రష్ ‘ఎగ్జిట్... స్టేజ్ లెఫ్ట్’ మొదటి సీడీలో ‘ఎ పాసేజ్ టు బ్యాంకాక్’ లేదు. రెండు రికార్డుల సరుకు ఒక్క డిస్కులో పట్టలేదని పీకేశారు, 1997లో శబ్దం మెరుగుపరిచి మళ్ళీ వేసిన రీమాస్టర్‌లో తిరిగి పెట్టారు. నేను కాలేజీలో విన్నది ఆ కోసేసిన సీడీయే కాబట్టి, ఆ పాట వస్తే ఇప్పటికీ ఎవరో పిలవని చుట్టం వచ్చినట్టుంటుంది.
ఎవరూ చెప్పలేదు గానీ, మన కేకలూ ఒక డబుల్ లైవ్‌లో ఉన్నాయి. ఐరన్ మెయిడెన్ ‘ఫ్లైట్ 666’, 2009. ఒక్కో పాట ఒక్కో ఊరిది. మొదట్లో వినిపించే చర్చిల్ ప్రసంగం రికార్డింగ్ అవగానే వచ్చే ‘ఏసెస్ హై’ ముంబైలోది, 2008 ఫిబ్రవరి 1. ఆ రాత్రి మా రూమ్మేట్ ఆ గుంపులోనే ఉన్నాడు. హైదరాబాద్ నుంచి రైల్లో వెళ్ళి, తిరుగు టికెట్ కన్ఫర్మ్ కాక జనరల్‌లో నిలబడి వచ్చాడు.

మేకన్_మైసూర్‌పాక్:
సుబ్బూ, ఆ రూమ్మేట్‌ని ఇక్కడికి లాక్కురా.
డాలస్ బావా, నీకొక పని. 2014లో ఆ ఫిల్మోర్ షోలన్నీ ఆరు సీడీల పెట్టెగా వచ్చాయి. ఒకే పాట షో షోకీ ఎలా మారిందో వినొచ్చు. మొదటి రోజు సాక్సోఫోన్ వాళ్ళు కూడా స్టేజీ ఎక్కారు, వాళ్ళు వద్దని డౌడ్ పట్టుబట్టాడు. ఎందుకు పట్టుబట్టాడో అది వింటే నీకే తెలుస్తుంది.

డాలస్_బావ:
ఆరు సీడీలా! నేను రెండే ఎక్కువంటుంటే. పంపు లింకు, వీకెండ్ వింటా.