ఒంటి నొప్పికి మనసు చికిత్సా? మీరేమంటారు?

తెల్లవారుజాము:
ఆరేళ్లుగా నడుము నొప్పి. కూర్చుంటే పోటు, పడుకుంటే సలుపు. మాత్రలు వాడాను, ఫిజియోథెరపీ చేయించుకున్నాను, రెండుసార్లు ఎమ్మారై తీయించాను. డిస్కులు కొంచెం అరిగాయి గానీ ఆపరేషన్ అవసరం లేదన్నారు. మొన్న డాక్టరుగారు "సైకాలజిస్టుని కలవండి, ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు, అంటే ఒంటినీ మనసునీ ఉన్నదున్నట్టు గమనించే ధ్యానం, చేయండి" అని చీటీ రాసిచ్చారు. అది చదివి బయట కుర్చీలో కూర్చుని ఏడ్చేశాను. "నీకేమీ లేదు, అంతా నీ ఊహే" అని మర్యాదగా చెప్పి పంపేసినట్టనిపించింది. నొప్పి నడుములో ఉంటే చికిత్స మనసుకా? ఇది నిజంగా వైద్యమా, లేక ఇంకేం చేయాలో తోచక వదిలించుకోవడమా? రెండు వైపుల మాటా వినాలనుంది.

సూటిమాట:
వదిలించుకోవడమే అంటాను. మా అక్క నాలుగేళ్లు పొత్తికడుపు నొప్పితో తిరిగింది. వెళ్లిన ప్రతిచోటా "టెన్షన్ తగ్గించుకోమ్మా, ధ్యానం చెయ్యి" అన్నారు. చివరికి ఒక డాక్టరు ఓపిగ్గా విని పరీక్షలు చేయిస్తే ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర లాంటిది దాని బయట పెరిగే జబ్బు) అని తేలింది. ఆ నాలుగేళ్లు ఎవరు తిరిగిస్తారు?

ఇంకో సంగతి. మాత్ర పనిచేయకపోతే తప్పు మాత్రదంటాం. ధ్యానం పనిచేయకపోతే మాత్రం "మీరు సరిగ్గా చేయలేదు" అంటారు. నొప్పి పడేవాళ్ల నెత్తిన నింద కూడా వేయడం నాకు మింగుడుపడదు.

ఫిజియో_పదేళ్లు:
సూటిమాట గారూ, మీ అక్కగారికి జరిగింది అన్యాయం. కారణం వెతక్కుండా ధ్యానం చేయమనడం నిర్లక్ష్యం, దాన్ని చికిత్స అనకూడదు. నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, కాళ్లలో బలం తగ్గుతున్నా అదే రోజు ఆసుపత్రికి పరుగెత్తాలి. జ్వరం ఉన్నా, ఊరికే బరువు తగ్గుతున్నా, గతంలో కేన్సర్ వచ్చి ఉన్నా ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. అలాంటప్పుడు మైండ్‌ఫుల్‌నెస్ ఊసే ఎత్తకూడదు.

తెల్లవారుజాము గారి పరిస్థితి వేరు. చేయాల్సిన పరీక్షలు అయ్యాయి. మూడు నెలలు దాటినా పోని నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటాం. అప్పటికి చాలామందిలో మొదటి గాయం మానిపోయి ఉంటుంది, నొప్పి మాత్రం మిగులుతుంది. నరాలు తెచ్చిన కబురుని వెన్నుపాము, మెదడు ఉన్నదున్నట్టు తీసుకోవు. పెంచనూ గలవు, తగ్గించనూ గలవు. మెల్‌జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లోనే వెన్నుపాములో ఇలాంటి 'గేటు' ఒకటి ఉంటుందని ప్రతిపాదించారు. వివరాలు తర్వాత మారాయి గానీ మూలమైన ఆలోచన నిలబడింది.

కాలు తీసేసినవాళ్లలో చాలామందికి ఆ లేని పాదంలోనే మంట పుడుతుంది. రాత్రంతా కన్నంటుకోనివ్వని మంట. దాన్ని ఊహ అనగలమా? ఇటు చూస్తే, ఏ నొప్పీ లేనివాళ్ల స్కానింగులు పరిశీలించిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో ఒక సమీక్ష వచ్చింది. అందులో ఇరవై ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి డిస్క్ అరుగుదల ఉంది. పాదం లేకపోయినా నొప్పి ఉంది, డిస్క్ అరిగినా నొప్పి లేదు. అందుకే సైకాలజిస్టు దగ్గరికి పంపారంటే మీ నొప్పి అబద్ధమన్నట్టు కాదు. ఏళ్ల తరబడి మోగి మోగి, చిన్న కదలికకి కూడా అదిరిపడే నరాల వ్యవస్థకి అది చికిత్స. ఈ నాలుగు మాటలూ ఆ డాక్టరుగారు చీటీ రాసేముందే మిమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాల్సింది. చెప్పకపోవడం వారి పొరపాటే.

లెక్కచూద్దాం:
సిద్ధాంతం సరే, ఫలితాల మాటేమిటి? వైద్య పరిశోధనలని కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2020లో ఇచ్చిన సమీక్ష నేను చదివాను. 75 ట్రయల్స్ (చికిత్సని రోగుల మీద పోల్చి చూసే పరీక్షలు), 9,400 మంది. ఎక్కువగా సీబీటీ మీద, అంటే ఆలోచనలనీ అలవాట్లనీ మార్చుకునే చికిత్స మీద చేసినవి. నొప్పి తగ్గింది, కానీ తగ్గింది కొంచెమే. జామా అనే అమెరికా వైద్య పత్రికలో 2016లో వచ్చిన ట్రయల్ కూడా చూడండి. దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 342 మందిని మూడు గుంపులు చేశారు. 26 వారాల తర్వాత రోజువారీ పనుల్లో చెప్పుకోదగ్గ మెరుగు కనబడింది మైండ్‌ఫుల్‌నెస్ గుంపులో 60.5 శాతం మందికి, సీబీటీలో 57.7 శాతానికి, మామూలు వైద్యంలో 44.1 శాతానికి. అంటే వందలో 44 మంది ఈ కోర్సు లేకపోయినా మెరుగుపడేవాళ్లే, అదనంగా లాభపడింది 16 మంది. పైగా తమకి ఏ చికిత్స అందుతోందో వాళ్లకి తెలుసు కాబట్టి ఆశ కూడా కొంత పనిచేసి ఉంటుంది. అద్భుతం అన్నట్టు చెప్పొద్దని నా మనవి.

ఫిజియో_పదేళ్లు:
అద్భుతమని నేనెప్పుడూ అనను. మీ అంకెలు సరైనవే. కానీ కొంచెమే అన్నారు, దేంతో పోలిస్తే? నడుము నొప్పి, మోకీలు, తుంటి కీళ్ల అరుగుదల ఉన్న 240 మంది మీద చేసిన ట్రయల్ 2018లో వచ్చింది. ఏడాది పాటు ఓపియాయిడ్ మందులు (మార్ఫిన్ లాంటి బలమైన నొప్పి మందులు) వాడినవాళ్లు, అవి కాకుండా మామూలు మందులు వాడినవాళ్లకంటే ఏ పనీ మెరుగ్గా చేసుకోలేకపోయారు. నొప్పి కాస్త ఎక్కువే మిగిలింది, దుష్ప్రభావాలూ ఎక్కువే. బ్రిటన్‌లో డాక్టర్లకి చికిత్సా సూచనలిచ్చే నైస్ సంస్థ 2021 మార్గదర్శకాల్లో, వేరే జబ్బుతో ముడిపడని దీర్ఘకాలిక నొప్పికి ఓపియాయిడ్లే కాదు, పారాసిటమాల్ కూడా కొత్తగా మొదలుపెట్టొద్దంది. వ్యాయామం, సీబీటీ లాంటివి పరిశీలించమంది. వందలో 16 మంది అంటున్నారు కదా, ఆ పదహారుగురిలో ఒకరు మళ్లీ వంగి చెప్పులు వేసుకుంటుంటే ఎదురుగా నిలబడి చూసినదాన్ని. నాకది చిన్న అంకె కాదండీ.

మెల్లగా:
చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. నాది మెడ, కుడి భుజం. ఎనిమిదేళ్లు. ఈ కోర్సుని 1979లో మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టారని, మందులతో తగ్గని నొప్పి ఉన్నవాళ్లే అక్కడికి ఎక్కువగా వచ్చేవారని మొదటి రోజే చెప్పారు. అది విని కాస్త ధైర్యం వచ్చింది.

బాడీ స్కాన్ అని ఒకటుంది. వెల్లకిలా పడుకుని ఎడమ కాలి వేళ్ల దగ్గర మొదలుపెట్టి, ముప్పావు గంట పాటు ఒళ్లంతా ఒక్కో భాగాన్నే గమనిస్తూ రావాలి. మొదటి రెండు వారాలు కోపంతో రగిలిపోయాను. మర్చిపోదామనుకున్న నొప్పిని ఎదురుగా కూర్చోబెట్టి చూడమంటారేమిటని. నొప్పి కూడా పెరిగినట్టే అనిపించింది.

మూడో వారంలో ఒక సాయంత్రం భుజం దగ్గరికి వచ్చేసరికి, ఇన్నాళ్లూ "నొప్పి" అని ఒకే మాటతో పిలిచింది మూడుగా విడిపోయి కనిపించింది. మధ్యలో బొటనవేలి గోరంత చోట పోటు. దాని చుట్టూ గుంజుడు, ఎందుకంటే భుజాన్ని చెవి వైపు ఎత్తిపెట్టి, పళ్లు బిగించి పడుకున్నాను. మూడోది, "రేపు కూడా ఇంతేనా" అన్న దిగులు. పోటు కదల్లేదు. ఎత్తిపెట్టిన భుజాన్ని గమనించగానే గుంజుడు కొంత వదిలింది. దిగులు వచ్చింది, కాసేపుండి పోయింది.

నాకు ఇంకా ఎక్కువ పనికొచ్చింది సైకాలజిస్టు నేర్పిన పద్ధతి. బాగున్న రోజు ఇల్లంతా సర్దేసి, తర్వాత మూడు రోజులు మంచం పట్టేదాన్ని. ఇప్పుడు నొప్పి లేకపోయినా పది నిమిషాలకి ఆపుతాను, వారానికి ఒకటి రెండు నిమిషాలు పెంచుతాను. పదికి ఏడున్న నొప్పి ఇప్పుడు అయిదున్నర దగ్గర ఉంది. అంతే తగ్గింది. కానీ ఈమధ్య నా జుట్టు నేనే దువ్వుకుంటున్నాను.

సూటిమాట:
మెల్లగా గారూ, మీ మాట కొట్టిపారేయలేను. జుట్టు దువ్వుకోలేకపోవడమంటే ఏమిటో మా అక్కని చూశాక తెలుసు. అయినా రెండు విషయాల్లో నేను మారను. మొదటిది, కోర్సులో చేరాక కూడా కొత్త లక్షణం వస్తే మళ్లీ పరీక్ష చేయాలి, "అది మీ నరాల వ్యవస్థే" అని సరిపెట్టకూడదు. రెండోది, గతంలో దాడికో హింసకో గురైనవాళ్లకి కళ్లు మూసుకుని ఒంటి మీద దృష్టి పెట్టమంటే పాత భయాలన్నీ ఎగదన్నుకురావచ్చు. ఆ సంగతి ముందే అడిగి తెలుసుకునే శిక్షణ ఉన్నవాళ్లే నేర్పాలి. ఫోన్‌లో ఒక యాప్ పెట్టి వదిలేస్తే కుదరదు.

లెక్కచూద్దాం:
సూటిమాట గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. ఇంకొక్కటి కలుపుతాను. ఎనిమిది వారాలు చేశాక పనుల్లో గానీ నిద్రలో గానీ తేడా లేకపోతే, మీ తప్పేమీ లేకుండానే ఆపేయవచ్చని మొదటి రోజే చెప్పాలి.

తెల్లవారుజాము:
అందరికీ థాంక్స్ అండీ. మెల్లగా గారు రాసింది చదివి నిన్న రాత్రి అలాగే పడుకుని చూశాను. కడుపు లోపలికి బిగబట్టి ఉన్నాను. ఆరేళ్లలో ఒక్కసారీ గమనించలేదు. వదిలాను, రెండు నిమిషాల్లో మళ్లీ బిగిసింది. నడుము పోటు ఎక్కడిదక్కడే ఉంది.

చీటీ పారేయలేదు. సోమవారం ముందు డాక్టరుగారి దగ్గరికే వెళ్లి "నా నొప్పి నిజమని మీరు నమ్ముతున్నారా?" అని అడుగుతాను. నమ్ముతున్నానంటే కోర్సులో చేరతాను. ఫిజియో గారూ, వ్యాయామాలు దాంతో పాటే కొనసాగించాలా, ఎనిమిది వారాలు ఆపాలా?

ఫిజియో_పదేళ్లు:
ఆపకండి. రెండూ కలిపి చేయండి. మొదట్లో పది నిమిషాలు మించొద్దు.