సూచీ, సూచిక: 71 అన్న అంకెను తెలుగులో ఎలా చెప్పాలి?

అనువాదకురాలు:
అందరికీ నమస్కారం. పంచాయతీ సభ్యుల శిక్షణ కోసం సుస్థిరాభివృద్ధి లక్ష్యాల మీద తెలుగులో ఒక చిన్న పుస్తకం తయారుచేస్తున్నాను. మాటల దగ్గరే ఆగిపోయాను. ఐక్యరాజ్యసమితి 2015 సెప్టెంబరులో ఆమోదించిన 17 గోల్స్ ఉన్నాయి. వాటి కింద 169 టార్గెట్లు. ఆ టార్గెట్ల దాకా ఎంత వచ్చామో చూపే ఇండికేటర్లు. వాటిని కలిపి నీతి ఆయోగ్ దేశానికి, రాష్ట్రాలకు మార్కులు వేసే ఇండెక్స్. అక్కడ నాలుగు మాటలుంటే, మన పత్రికల్లో తరచూ రెండే కనిపిస్తాయి. మొదటి రెండూ లక్ష్యాలే, తర్వాతి రెండూ సూచికలే. ఈ లెక్కన "113 సూచికలతో తయారైన సూచికలో దేశానికి 71" అని రాయాలి. పంచాయతీ సభ్యుడికి దీన్నుంచి ఏం అర్థమవుతుంది? వేరు చేసి చెప్పే దారి సూచించండి.

తెలుగు మాస్టారు:
అమ్మా, కొత్త మాటలు పుట్టించనక్కర్లేదు. వాడుకే వీటిని కొంత విడదీసి పెట్టింది. వాణిజ్య పేజీలో "సూచీలు నష్టాల్లో ముగిశాయి" అని చదువుతాం. సెన్సెక్స్, నిఫ్టీ సూచీలు. ఎన్నో కంపెనీల షేర్ల ధరలు కలిపి తీసిన ఒక్కో అంకె. రోడ్డు పక్కన ఉండేది సూచిక బోర్డు. అది ఒక్క సంగతే చెబుతుంది: ముందు మలుపుంది, లేదా బడి ఉంది. కలిపి తీసిన మొత్తాన్ని సూచీ అనండి, ఒక్క సంగతిని చూపేదాన్ని సూచిక అనండి. "113 సూచికలతో తయారైన సూచీ" అంటే గందరగోళం ఉండదు. విషయసూచిక మాటేమిటని ఎవరైనా అడగవచ్చు. అది పుస్తకాలకు స్థిరపడిన పేరు, దాన్ని కదపనక్కర్లేదు.

రెండింటిలోనూ ఉన్నది సంస్కృత 'సూచి'. దాని వికృతే మన సూది.

17 గోల్స్‌కు 'లక్ష్యాలు' ఇప్పటికే ప్రభుత్వ కాగితాల్లో పాతుకుపోయింది. ఇక టార్గెట్‌కు అచ్చతెలుగు మాట 'గురి' ఉండనే ఉంది. గురి చూసి కొట్టాడంటాం, గురి తప్పిందంటాం. తగిలిందో లేదో తేల్చగలిగిన దానికి ఆ మాట సరిపోతుంది.

జిల్లా గణాంకాల ఉద్యోగి:
మాస్టారు చెప్పిన విభజన మా పనికి సరిగ్గా సరిపోతుంది. మూడో లక్ష్యం ఆరోగ్యం. దాని కింద ఒక గురి: 2030 నాటికి ప్రపంచ ప్రసూతి మరణాలు లక్ష సజీవ జననాలకు 70 కన్నా తగ్గాలి. సూచిక: ఇప్పుడెన్ని? జనన మరణాలను లెక్కించే నమూనా నమోదు వ్యవస్థ ప్రకారం 2018-20లో దేశంలో 97, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43, అస్సాంలో 195. ఈ ఒక్క వరుసలోనే లక్ష్యం, గురి, సూచిక మూడూ విడివిడిగా కనిపిస్తున్నాయి. దీన్ని 'ప్రసూతి మరణాల రేటు' అని రాస్తుంటారు. జననాలతో పోల్చి తీసిన లెక్క కనుక 'నిష్పత్తి' అనాలి. రేటు అనేది వేరే లెక్క.

ఇక 71 సంగతి. 2023-24 సూచీలో దేశానికి వచ్చింది 71 మార్కులు, 71 శాతం కాదు. శాతం అని రాస్తే లక్ష్యాల్లో నూటికి 71 పూర్తయ్యాయని పాఠకుడు అనుకుంటాడు. ఒక్కో సూచికకు గురి చేరితే 100. అన్నిటికన్నా వెనుకబడ్డ రాష్ట్రం విలువ దగ్గర 0. మధ్యలో ఎవరెక్కడున్నారో ఆ మార్కు. సూచికల సగటు ఆ లక్ష్యం మార్కు, లక్ష్యాల సగటు మొత్తం సూచీ. అంటే సున్నా అన్నది పరమ దరిద్రం కాదు, ఆ వరుసలో చివరి స్థానం.

ఇంకొకటి తప్పకుండా రాయండి మేడమ్. 2018లో 57, 2019-20లో 60, 2020-21లో 66, 2023-24లో 71. ఈ నాలుగు అంకెలనూ వరుసగా పేర్చి "ఇంత ఎదిగాం" అంటున్నారు. మొదటిసారి 62 సూచికలు, తర్వాత 100, తర్వాత 115, చివరగా 113. ప్రశ్నపత్రం మారుతూ వచ్చిన పరీక్షల మార్కులివి. ఎదుగుదల ఉంది, కాదనను. దాన్ని ఒక్కో సూచికలో విడిగా చూడాలి. మొత్తం 71 ఉన్నచోటే, స్త్రీపురుష సమానత్వమనే అయిదో లక్ష్యానికి 49 మాత్రమే. సగటు అంకె ఈ 49ని మింగేస్తుంది.

అంగన్‌వాడీ సూపర్‌వైజర్:
మాస్టారూ, మేడమ్ గారూ, నాకు సూచీ, సూచికల కన్నా బాధ కలిగించే మాట ఒకటుంది. రెండో లక్ష్యం ఆకలి లేకుండా చూడటం. దాని కిందొచ్చే స్టంటింగ్‌ను పత్రికల్లో 'మరుగుజ్జుతనం' అని రాస్తున్నారు. మూడేళ్ల బిడ్డను ఎత్తుకుని కేంద్రానికి వచ్చిన తల్లితో "మీవాడు మరుగుజ్జు" అని ఎలా అంటాం? పైగా అది తప్పు కూడా. మరుగుజ్జుతనం ఎక్కువగా పుట్టుకతో వచ్చేది. ఇది సరైన తిండి అందక, పదే పదే విరేచనాలు, జబ్బులు వచ్చి, కడుపులో ఉన్నప్పుడే తల్లికి పోషణ చాలక జరిగేది. మేము "వయసుకు తగ్గ ఎత్తు లేదు" అంటాం. తల్లికి వెంటనే తెలుస్తుంది.

పుస్తకంలో మూడింటినీ కలిపేసి 'పోషకాహార లోపం' అనొద్దని నా మనవి. ఎత్తుకు తగ్గ బరువు లేకపోవడం వేరు. ఆ బిడ్డకు ఇప్పుడే చికిత్స, తిండి అందితే కొన్ని వారాల్లోనే కోలుకోవచ్చు. వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడం నెలల తరబడి పేరుకున్న నష్టం. మొదటి రెండేళ్లు దాటాక దాన్ని పూడ్చడం చాలా కష్టం. వయసుకు తగ్గ బరువు లేకపోవడం మూడోది. మా రిజిస్టర్లలో మూడింటికీ వేర్వేరు గడులున్నాయి. పుస్తకంలోనూ ఉండాలి.

జిల్లా గణాంకాల ఉద్యోగి:
సూపర్‌వైజర్ గారు చెప్పినదానికి అంకెలు తోడు చేస్తాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో వయసుకు తగ్గ ఎత్తు లేని అయిదేళ్ల లోపు పిల్లలు దేశంలో 35.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2, తెలంగాణలో 33.1. దేశంలో అంతకుముందు సర్వేలో 38.4 ఉండేది, తగ్గింది. తెలంగాణలో 28 దగ్గర ఉండేది, పెరిగింది. ఇక్కడ 'శాతం' సరైన మాటే, ఎందుకంటే ఇది నూటికి ఎంతమంది పిల్లలన్న లెక్క. సూచీ మార్కుకూ సూచిక శాతానికీ తేడా ఈ ఉదాహరణతో చెప్పండి.

తెలుగు మాస్టారు:
'గిడసబారడం' అని కూడా కొందరు రాస్తున్నారు. నీళ్లందక ఎదగని పైరుకు రైతులు వాడే మాట. తప్పు పైరుది కాదని ఆ మాటలోనే ఉంది కనుక నాకు నచ్చుతుంది. వ్యాసంలో అది వాడవచ్చు. తల్లితో మాట్లాడేటప్పుడు మాత్రం సూపర్‌వైజర్ గారి మాటే మేలు.

అనువాదకురాలు:
అందరికీ కృతజ్ఞతలు. చివరిగా ఒకటి. 50 మార్కుల లోపు వచ్చినవారిని నీతి ఆయోగ్ 'ఆస్పిరెంట్' వర్గంలో పెడుతుంది. దీన్ని 'ఆశావహ' అనవచ్చా?

తెలుగు మాస్టారు:
వద్దమ్మా. 'ఆశావహం' అంటే ఆశ కలిగించేది. పరిస్థితి ఆశావహంగా ఉందంటే మంచి కబురని అర్థం. అట్టడుగు వర్గానికి ఆ పేరు పెడితే 49 వచ్చినచోట అంతా బాగుందని చదువుతారు. ఎన్నికలప్పుడు టికెట్ అడిగేవాళ్లకూ అదే మాట.

జిల్లా గణాంకాల ఉద్యోగి:
"వెనుకబడిన వర్గం" అన్నా ఇబ్బందే, అది రిజర్వేషన్ల మాట. "సగం మార్కులైనా రానివి" అని విడమరిచి రాయండి. మిగతా వర్గాల పక్కనా మార్కుల హద్దులు వేయండి: 50 నుంచి 64, 65 నుంచి 99, ఆపైన 100. పేర్లు లేకున్నా నష్టం లేదు.

అనువాదకురాలు:
అలాగే చేస్తాను. సూచీ, సూచిక, లక్ష్యం, గురి అన్న నాలుగు మాటలనూ మొదటి పేజీలోనే ప్రసూతి మరణాల ఉదాహరణతో వివరిస్తాను. పిల్లల ఎత్తు, బరువుల భాగం రాయగానే ఇక్కడ పెడతాను. సూపర్‌వైజర్ గారూ, కేంద్రంలో తల్లులకు ఒకసారి చదివి వినిపించి, ఎక్కడ అర్థం కాలేదన్నారో చెప్పండి. అక్కడ మళ్లీ రాస్తాను.