మాంసకృత్తులో ‘కృత్తు’ ఏమిటి?

ప్రశ్న: మా పాప ఇంటర్ బైపీసీ చదువుతోంది. “ప్రోటీన్లను మాంసకృత్తులు అంటున్నారు, మరి కందిపప్పులో మాంసం ఎక్కడిది?” అని అడిగింది. ‘కృత్తి’ అంటే తోలు కదా, శివుణ్ణి కృత్తివాసుడు అంటాం. అంటే మాంసమూ తోలూ అనా?

జవాబు: తోలు కాదండి. ఇది ‘కృత్’, అంటే చేసేది. విష్ణు సహస్రనామంలో ‘భూతకృత్, భూతభృత్’ అని నామాలు ఉన్నాయి చూడండి, ప్రాణులను సృష్టించేవాడు, భరించేవాడు అని. ఆ కృత్తే ఇదీ. విద్యుత్ మనకు విద్యుత్తు అయినట్టే, జగత్ జగత్తు అయినట్టే, మాంసకృత్ మాంసకృత్తు అయింది. ఒంట్లో కండ పట్టించేది అని అర్థం, మాంసంలో దొరికేది అని కాదు. కాబట్టి కందిపప్పుకు ఈ మాట నిక్షేపంగా సరిపోతుంది. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలు వరుసగా కూర్చిన గొలుసు. అన్నంలో లైసీన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో దండిగా ఉంటుంది. పప్పులో మెథియోనీన్ అనే మరో అమైనో ఆమ్లం తక్కువ, ఆ లోటు అన్నం తీరుస్తుంది. పప్పన్నం తినేవాళ్లకు రెండూ అందుతాయి.

అయితే నా మటుకు నాకు, ఈ మాట పోషకాహారం పాఠం వరకే బాగుంటుంది. నిర్మాణం దగ్గరికి వచ్చేసరికి ఇరుకైపోతుంది. ఇన్సులిన్ కూడా ప్రోటీనే. రెండు గొలుసుల్లో కలిపి 51 అమైనో ఆమ్లాలు ఉంటాయి. దాని పని కబురు మోయడం, రక్తంలో చక్కెరను అదుపులో పెట్టడం. దాన్ని మాంసకృత్తు అంటే పిల్లలు తికమకపడరా?

మరో సభ్యురాలు: బయోకెమిస్ట్రీ చెప్పేదాన్ని కాబట్టి ఒక మాట. ‘కృత్తి’ ఇక్కడ పొసగదు, నిజమే. కానీ తోలులో ముఖ్యంగా ఉండేది కొల్లాజెన్ అనే ప్రోటీనే! దాని నిర్మాణానికి 1954లో మూడు గొలుసుల నమూనా ఇచ్చింది మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. మూడు పేటల తాడులా గొలుసులు పేనుకుని ఉంటాయి. ఒక్కో గొలుసులో ప్రతి మూడో స్థానంలో గ్లైసీన్ ఉంటుంది. ఎందుకంటే పేటలు కలిసే నడిమధ్యన చోటు బహు తక్కువ. మిగతా అమైనో ఆమ్లాలకు పక్కగా చిన్నదో పెద్దదో ఒక పరమాణువుల గుంపు ఉంటుంది. గ్లైసీన్‌కు ఆ చోట ఒక్క హైడ్రోజన్ పరమాణువే, అందుకే అది ఇముడుతుంది. గ్లైసీన్ బదులు ఇంకోటి వచ్చిపడితే పేట సరిగా బిగియదు. పుట్టుకతోనే ఎముకలు పెళుసుగా ఉండి మాటిమాటికీ విరిగే జబ్బుకు ఇదొక ముఖ్య కారణం. ఈ సంగతి క్లాసులో చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ప్రశ్న: చాలా సంతోషం మేడమ్. ప్రాథమిక, ద్వితీయ, తృతీయ, చతుర్థ నిర్మాణాలు అనగానే పాపకు టెన్షన్. ఇంట్లో ఎలా చెప్పమంటారు?

సభ్యురాలు: ఏ ఆమ్లం తర్వాత ఏది అన్న వరుసే ప్రాథమికం. ఆ గొలుసు అక్కడక్కడ మెలితిరగడం, మడతలుగా పరుచుకోవడం ద్వితీయం. గొలుసు మొత్తం ముడుచుకుని ఒక రూపానికి వస్తే తృతీయం. ఒకటికి మించి గొలుసులు జతకూడితే చతుర్థం, హీమోగ్లోబిన్‌లో నాలుగు. ఒకే గొలుసున్న ప్రోటీన్‌కు చతుర్థం ఉండదు, పిల్లలు పరీక్షలో తడబడేది అక్కడే. అది ముందే చెప్పండి.