డీజిల్‌లో సల్ఫర్ తీసే కేటలిస్ట్‌కి కార్బన్ మేలా, చేటా?

వంశధార22:
మాది శ్రీకాకుళం దగ్గర పల్లె. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఇరుక్కుపోయాను. అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) మీద కోబాల్ట్, మాలిబ్డినం లోహాలు ఎక్కించి డీజిల్‌లో సల్ఫర్ తీసే కేటలిస్ట్ (రసాయన చర్యని వేగం చేసే పదార్థం) చేయాలి. గైడ్ గారు అందులో సిట్రిక్ యాసిడ్ కలపమన్నారు, దాన్లోని కార్బన్ వల్ల పనితనం పెరుగుతుందట. కలిపాను. హైదరాబాద్‌లో తెలిసిన సీనియర్ థయోఫీన్‌తో (సల్ఫర్ ఉన్న చిన్న అణువు) టెస్ట్ చేసి పెట్టాడు. కలిపిందీ కలపనిదీ ఒక్కలాగే వచ్చాయి! రిఫైనరీలో చేసి రిటైరైన మా మావయ్యేమో "కార్బన్ వదిలించుకోలేక మేం చచ్చాం, నువ్వు చేజేతులా వేస్తున్నావా?" అని ఒకటే నవ్వు. ఎవరి మాట వినాలి?

పాతషిఫ్ట్_విజయనగరం:
నా ఓటు మీ మావయ్యకే అమ్మా. నేనూ రిఫైనరీలో సల్ఫర్ తీసే యూనిట్, అదే హైడ్రోట్రీటర్ మీద నైట్‌షిఫ్టులు చేసినవాణ్ణే. 350 డిగ్రీల దగ్గర హైడ్రోజన్‌తో డీజిల్ నడుస్తూ ఉంటే కేటలిస్ట్ గుళికల మీద కోక్, అంటే నల్లటి కార్బన్ పేరుకుంటుంది. పనితనం తగ్గుతుంది, దాన్ని సరిపెట్టడానికి టెంపరేచర్ కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతాం. ఇంక పెంచలేం అన్నప్పుడు షట్‌డౌన్. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య నియమాలు వచ్చి డీజిల్‌లో సల్ఫర్ పరిమితి 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) నుంచి 10కి దిగాక టెన్షన్ ఇంకా పెరిగింది. దింపేటప్పుడు గుళికలు మాడిపోయిన సేమ్యా ముక్కల్లా ఉంటాయి. గాలి తగిలితే వాటంతటవే వేడెక్కుతాయని నైట్రోజన్ పెట్టి దింపుతాం. అదీ కార్బన్ చేసే మేలు.

బొగ్గుకుంపటి:
గురువుగారూ, ఆ నలుపంతా కోక్ మీదకి నెట్టకండి, మాలిబ్డినానికి సల్ఫర్ పట్టిస్తే వచ్చే మాలిబ్డినం సల్ఫైడ్ కూడా నలుపే. గాలికి వేడెక్కడంలోనూ సల్ఫైడ్ వాటా ఉంది. నూనె నుంచి వచ్చి మీద పడే కోక్‌నీ, తయారీలో మనం వేసే సిట్రిక్ యాసిడ్‌నీ ఒకే గాటన కట్టడమే ఇక్కడ పేచీ.

అసలు పని జరిగేది మాలిబ్డినం సల్ఫైడ్ పలకల అంచుల్లో. కోబాల్ట్ వెళ్లి ఆ అంచున కూర్చోవాలి. కానీ దానికి తొందరెక్కువ. మాలిబ్డినం కంటే ముందే, తక్కువ వేడికే సల్ఫైడ్ అయిపోయి విడిగా ముద్ద కడుతుంది. పెళ్లి పందిరి వేయకముందే భోజనానికి కూర్చున్నట్టు. సిట్రిక్ యాసిడ్ కొంతవరకు, ఈడీటీఏ లాంటివి ఇంకా గట్టిగా కోబాల్ట్‌ని పట్టి ఉంచుతాయి. ఈలోగా పలకలు తయారవుతాయి. మిగిలే కాస్త కార్బన్ పలకలు ఒకదానికొకటి అతుక్కోకుండా అడ్డు నిలుస్తుందనీ అంటారు. నా లెక్కలో అది రెండో సంగతి.

చెల్లీ, అల్యూమినాని లోహాల ద్రావణంలో నానబెట్టాక ఎలా కాల్చావు?

వంశధార22:
110 దగ్గర రాత్రంతా ఆరబెట్టి, తర్వాత మఫుల్ ఫర్నేస్‌లో 500 దగ్గర నాలుగు గంటలు. ఆరినప్పుడు వంగపువ్వు రంగులో ఉండేది. ఫర్నేస్ లోంచి తీస్తే మూసలో నీలం పొడి.

బొగ్గుకుంపటి:
ఇదిగో, దొరికింది! గాలిలో 500 అంటే సిట్రిక్ యాసిడ్ మొత్తం పొగై పోయింది. నీలం అంటే కోబాల్ట్ కొంత అల్యూమినాలోకి దూరిపోయిందన్నమాట. అక్కడ చిక్కింది తిరిగి పనికి రావడం కష్టం. నువ్వు పోల్చింది సిట్రిక్ యాసిడ్ లేనిదాన్నీ, లేకుండా పోయినదాన్నీ. 120 దగ్గర ఆపేసి, అలాగే సల్ఫైడ్ చేయించు.

ఉద్దానం_కొబ్బరి:
మధ్యలో దూరుతున్నా, ఏమీ అనుకోవద్దు. మాది కవిటి వైపు. అల్యూమినానే వదిలేసి కొబ్బరి చిప్పల బొగ్గు మీద ఎక్కిస్తే పోలా? తిత్లీ తుఫానుకి పోయిన తోటలు పోగా ఇక్కడ చిప్పలకి ఇంకా లోటు లేదు.

బొగ్గుకుంపటి:
ఆలోచన మంచిదే అన్నా. 1980లలోనే చూశారు, గ్రాము లోహానికి అల్యూమినా కంటే కార్బన్ మీదే ఎక్కువ పనితనం. అల్యూమినా లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది, కార్బన్ వదులుగా ఉంచుతుంది. కానీ చిప్ప బొగ్గులో చాలా రంధ్రాలు 2 నానోమీటర్ల లోపే. థయోఫీన్ చిన్నది, సులువుగా దూరుతుంది. డీజిల్‌లో మొండిగా మిగిలే మిథైల్ గుంపుల డైబెంజోథయోఫీన్లనే పెద్ద సల్ఫర్ అణువులకి అందులో దారి ఇరుకు. థయోఫీన్ టెస్ట్‌లో గెలిచి డీజిల్‌లో బోల్తా పడేవి ఇవే. చిప్ప బూడిదలో పొటాషియం కూడా ఉంటుంది, యాసిడ్‌తో కడగకపోతే అదో తలనొప్పి.

పాతషిఫ్ట్_విజయనగరం:
అసలు సంగతి వదిలేశావు బాబూ. అల్యూమినా గుళికల మీద కోక్ పడితే గాలితో జాగ్రత్తగా కాల్చి మళ్లీ వాడతాం. బొగ్గు గుళికని కాలిస్తే గుళికే మిగలదు. ఇంక నీ సిట్రిక్ యాసిడ్ రకం తీసుకో. కోక్ కాల్చాక ఆ మేలు ఉంటుందా? మళ్లీ యాసిడ్‌లో నానబెట్టాలి. ఆ ఖర్చు ఎవడి లెక్కలో వేస్తావు?

బొగ్గుకుంపటి:
అది ఒప్పుకుంటాను. మళ్లీ నానబెట్టి ఇచ్చేవాళ్లు ఉన్నారు గానీ ఊరికే ఇవ్వరు. కొత్త సరుకు కొనడం కంటే చౌక పడితేనే లాభం.

పాతషిఫ్ట్_విజయనగరం:
ఇప్పుడు దారికొచ్చావు. అయినా అమ్మాయి ప్రాజెక్టుకి ఈ లెక్కలతో పనిలేదులే.

వంశధార22:
ఈరోజు కొత్త బ్యాచ్‌లో సగం 120 దగ్గరే ఆపాను, మిగతా సగం పాత పద్ధతిలోనే కాల్చాను. రెండూ పక్కపక్కన వాచ్‌గ్లాసుల్లో ఉన్నాయి, ఒకటి వంగపువ్వు, ఒకటి నీలం. ఈసారి థయోఫీన్‌తో పాటు డైబెంజోథయోఫీన్‌తో కూడా చేసి పెట్టమని సీనియర్‌ని అడిగాను. మావయ్యకి ఇదంతా చదివి వినిపించాను. "టెస్ట్ రిజల్టు వచ్చాక నవ్వాలో మానాలో చెప్తాను" అన్నాడు.