ముగ్గురు పిల్లలు, షిఫ్ట్ డ్యూటీ ఇల్లు: పెద్దదాన్ని అమ్మమ్మ దగ్గరికి పంపాలా?

నడిపోడి అమ్మ, కాజీపేట:

మాకు ముగ్గురు పిల్లలు. పెద్దది ఒకటో తరగతి. నడిపోడికి నాలుగేళ్లు, ఎల్‌కేజీ. చిన్నదానికి మొన్ననే తొమ్మిది నెలలు నిండాయి. మా ఆయనది రైల్వేలో గూడ్స్ బండ్ల మీద డ్యూటీ. ఎప్పుడు పిలుస్తారో తెలియదు, బల్లార్షా వైపు పోతే ఎప్పుడు తిరిగొస్తారో అసలే తెలియదు. (చిన్నది పుట్టినప్పుడు సెలవు కూడా రాలేదు. మగవాళ్లకిచ్చే ఆ 15 రోజులు ఇద్దరి కంటే తక్కువ పిల్లలున్నవాళ్లకేనట.)

పొద్దున ఏడింటి నుంచి ఎనిమిదింబావు దాకా మా ఇంట్లో ఏం జరుగుతుందో చెప్తాను. నల్లా వచ్చేది అప్పుడే. పెద్దదానికి రెండు జడలు, రిబ్బన్లు మడిచి కట్టాలి, లేకుంటే బడిలో ఊరుకోరు. నేను కాలితో తొట్టెల ఊపుతూ జడలు వేస్తుంటాను. నడిపోడు ఒక సాక్సు వేసుకుని రెండోది చేతిలో పట్టుకుని నిలబడతాడు. సాక్సు కుట్టు వేళ్లకు తగలొద్దు. తగిలిందా, రెండూ విప్పేసి మళ్లీ మొదటి నుంచి. ఆ లొల్లికి చిన్నది లేస్తుంది. ఈ వానలకు ఆరని యూనిఫాంను ఇస్త్రీ పెట్టెతో ఆరబెడుతుంటే బయట ఆటో అన్న హారన్ కొడతాడు. ఆయన్ను అనడానికి లేదు, ఆయన వెనకాల ఇంకా ఎంతమంది పిల్లలో.

ఇదంతా గొంతు పెంచకుండా జరగాలి. లోపలి గదిలో రాత్రంతా బండి నడిపి వచ్చిన మనిషి పడుకుని ఉంటారు. ఆయన నిద్ర చెడితే మళ్లీ ఆ కళ్లతోనే బండెక్కాలి. అందుకే పిల్లల మీద అరవాలన్నా నేను గుసగుసగానే అరుస్తాను.

పనికి నేను భయపడను. ముగ్గురికీ ఒకే నిమిషంలో నేనే కావాలి, అక్కడ ఆగమవుతున్నాను. నడిపోడు ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెట్టాడు, పాలసీసా కావాలంటున్నాడు.

ఇప్పుడు అత్తమ్మ ఏమంటుందంటే, పెద్దదాన్ని ఒక్క ఏడాది పరకాలలో మీ అమ్మ దగ్గర ఉంచి అక్కడే బడిలో వెయ్యి, నీకు తేలికవుతుంది అని. ఆమె చెడ్డది కాదు. మోకాళ్ల నొప్పులతోనే కూరగాయలు కోసిస్తుంది, చిన్నదాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుంటుంది. మా అమ్మ కూడా సరే అంటోంది. కానీ ఇంట్లో అందరికంటే తక్కువ సతాయించేది పెద్దదే కదా! నేను అడగకముందే చిన్నదాని గుడ్డలు తెచ్చిస్తుంది. పంపాల్సింది దాన్నేనా? మా మాటలు విన్నట్టుంది, నిన్న తన రంగుల డబ్బా సంచిలో పెట్టుకుంది. అది సంబరమో అలకో నాకు అంతుపట్టలేదు.

షిఫ్ట్ డ్యూటీ ఇళ్లవాళ్లు ఎట్లా నెట్టుకొస్తున్నారు? ఓపిక పట్టమని మాత్రం రాయకండి. ఆ మాట మా ఇంట్లోనే రోజూ దొరుకుతుంది.

కవలల తల్లి, కరీంనగర్:

చెల్లె, ముందు సాక్సు సంగతి. తిరగేసి వెయ్యి. కుట్టు బయటికొస్తుంది, వేళ్లకు తగలదు, బూటు వేశాక ఎవరికీ కనిపించదు. మా కవలల్లో ఒకడికి ఇదే పంచాయితీ ఉండేది.

జడలకైతే నేను మా పెద్దదానికి జుట్టు కత్తిరించేశాను. ఆడపిల్ల జుట్టు కోయించావని మా అత్తగారు నాతో మాట్లాడటం మానేసింది. తర్వాత ఆమే తల దువ్వడం మొదలుపెట్టింది, సులువుగా ఉందని! నీకు మనసు రాకపోతే రాత్రి పడుకునే ముందే గట్టిగా జడలేసెయ్, పొద్దున రిబ్బన్లు కడితే చాలు.

డబ్బాలోకి రోజుకో రకం వండకు. మా ఇంట్లో ఉప్మా లేదంటే పులిహోర. పక్క పిల్ల డబ్బాలో ఏముందో నాకు చెప్పొద్దని ముందే చెప్పేశాను.

సింగరేణి బాపు, మంచిర్యాల:

నేను నైట్ షిఫ్ట్ చేసే మనిషిని కాబట్టి మీ ఆయన తరఫున రాస్తున్నా. నిద్ర ముఖ్యమే, అందులో తేడా లేదు. కానీ డ్యూటీ దిగి ఇంటికి రాగానే ఎవరికీ నిద్ర పట్టదు. నేనైతే స్నానం, చాయ్ అయ్యాక కూడా చాలాసేపు ఫోన్ చూస్తూ కూర్చునేవాణ్ని. మా ఆవిడ ఒకరోజు ఫోన్ తీసుకుని చేతిలో దువ్వెన పెట్టింది. పిల్లలు బడికి తయారయ్యే సమయానికి ఇంటికొచ్చే రోజుల్లో పెద్దవాళ్లిద్దరి స్నానాలు, ఆటో ఎక్కించడం మీ ఆయన చేసి పడుకోవచ్చు. ముందే వచ్చి పడుకున్న రోజు వదిలెయ్యండి.

ఇంకొకటి. మీరు గుసగుసలాడటం ఆపండి. కూలర్‌లో నీళ్లు పోయకుండా ఉత్త ఫ్యాన్ వేస్తే ఆ మోతలో పిల్లల లొల్లి వినపడదు. కిటికీకి మందంగా దుప్పటి కట్టండి. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండి మధ్యలో గిన్నె పడితేనే మేం ఉలిక్కిపడి లేస్తాం.

అంగన్‌వాడీ టీచర్, జనగామ వైపు:

నడిపోడి గురించి కంగారు పడకండి. చెల్లె పుట్టాక నాలుగేళ్ల పిల్లలు మళ్లీ పక్క తడపడం, సీసా అడగడం మామూలే. తిట్టకుండా గుడ్డలు మార్చండి. మంట అన్నా, జ్వరం ఉన్నా, నీళ్లు మరీ ఎక్కువగా తాగుతున్నా మాత్రం డాక్టరుకు చూపించండి. సీసా అడిగితే పాలు గ్లాసులోనే పోసి, తాగేదాకా ఒళ్లో కూర్చోబెట్టుకోండి. వాడికి కావాల్సింది ఆ ఒడి.

చిన్నదానికి తొమ్మిది నెలల టీకా వేయించారా? తట్టు, రుబెల్లాది. విటమిన్ ఎ మొదటి మోతాదు కూడా అప్పుడే. మీ దగ్గరి అంగన్‌వాడీ కేంద్రంలో పేరు రాయించండి. 7 నెలల నుంచి 3 ఏళ్ల లోపు పిల్లలకు నెలకు 2.5 కిలోల బాలామృతం ప్యాకెట్ వస్తుంది. గోధుమ, శనగపప్పు, పాలపొడి కలిపిన పొడి అది. కాచి చల్లార్చిన గోరువెచ్చటి నీళ్లలో కలిపితే చాలు, పొద్దున విడిగా ఉగ్గు వండే పని తప్పుతుంది. అత్తమ్మ కూర్చున్నచోటే తినిపించవచ్చు.

పెద్దపాపను పంపొద్దనే నా మాట. ఆరేళ్ల పిల్లకు మీరు చెప్పే కారణం అర్థం కాదు, తనే ఒక కారణం కల్పించుకుంటుంది. చెల్లెను ఉంచుకుని నన్ను పంపారు అన్నదే అవుతుంది. దసరా సెలవులకు పంపండి, బతుకమ్మ ఆడి వస్తుంది. బడి మార్చకండి. ఇంకో మాట, అడగకముందే గుడ్డలు తెచ్చే పిల్లకు మీరూ అప్పుడప్పుడు వద్దు, పోయి ఆడుకో అని చెప్పాలి.

నడిపోడి అమ్మ, కాజీపేట:

అందరికీ థ్యాంక్స్. సాక్సు తిరగేసి వేస్తే వాడు కాలు అటూ ఇటూ తిప్పి చూసి ఏమీ అనలేదు. టీకా వేయించాం, బాలామృతం సంగతే నాకు తట్టలేదు.

సింగరేణి అన్న రాసింది ఆయనకు చదివి వినిపించాను. డ్యూటీ లేని సాయంత్రం దువ్వెన తీసుకుని కూర్చున్నారు. ఒక జడ చెవి దగ్గర, ఇంకోటి మెడ మీద! పెద్దది అద్దంలో చూసుకుని విప్పనివ్వలేదు, అట్లాగే పక్కింటికి పోయి చూపించి వచ్చింది. ఆ రాత్రి నేను అడిగితే, అమ్మమ్మ ఇంటికి పోతా కానీ నా బడి ఎవరికీ ఇవ్వొద్దు అంది. కాబట్టి దసరా సెలవులకే.

ఈ మాట అత్తమ్మకు నేను చెప్తే ఆమె మాట కాదన్నట్టు అవుతుంది. ఆయనతోనే చెప్పిస్తాను, వచ్చే రెస్ట్ రోజున.